ఆస్పర్టేమ్ కంటే ముందు సార్బిటాల్‌ను అనుమానించండి

చక్కెర లేని చూయింగ్ గమ్ రోజంతా నమలడం మొదలుపెట్టాక కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకున్నాయని, అందులోని కృత్రిమ తీపి పదార్థం ఆస్పర్టేమ్ వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని రాశారు. ఆ రెండింటినీ ముడిపెట్టకండి. ప్యాకెట్ వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో సార్బిటాల్, మానిటాల్, మాల్టిటాల్ అని గానీ, వాటి కోడ్‌లైన 420, 421, 965 అన్న అంకెలు గానీ ఉన్నాయేమో చూడండి. చక్కెరకు బదులు వాడే తీపి పదార్థాలివి. నా అనుమానమంతా వాటి మీదే. చిన్నపేగు వీటిని పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. 10 గ్రాముల సార్బిటాల్‌కే ఇబ్బంది పడేవారున్నారు. ఒక్కో బిళ్లలో గ్రాము దాకా ఉండవచ్చు కాబట్టి లెక్క మీరే వేసుకోండి. పైగా నమిలేటప్పుడు మింగే గాలి ఒకటి!

ఓ వారం పూర్తిగా మానేసి చూడండి. అయినా తగ్గకపోతే, లేదా మలంలో రక్తం కనిపిస్తే, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇక ఆస్పర్టేమ్. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని 2బి వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో, చేర్చిన మాట నిజమే. అయితే ఆ వర్గం ఆధారాలు ఎంత గట్టివో చెబుతుంది, ముప్పు ఎంతో చెప్పదు. రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని అప్పుడూ మార్చలేదు. 60 కిలోల మనిషికి అది 2400 మిల్లీగ్రాములు. గమ్‌తో అంత తినడం కష్టం. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్నవారు మాత్రం దాని జోలికే పోకూడదు.

అన్నట్టు, ఇంట్లో కుక్క ఉంటే ఆ ప్యాకెట్ అందకుండా పెట్టండి. జైలిటాల్ అనే మరో తీపి పదార్థం ఉన్న గమ్ దాని ప్రాణం తీయగలదు.