బుజ్జీ, ముందు గుర్రం నోరు చూడు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. "దీన్ని అమెరికాలో స్టిల్‌వాటర్ పంపింది ఎమ్మెస్ చెయ్యమని కదక్కా, గుర్రమెక్కి డ్రమ్ముల చుట్టూ తిరగమనా?" అని. అది బ్యారెల్ రేసింగనీ, మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని తిప్పి అందరికన్నా త్వరగా వచ్చినవాళ్లు గెలిచే పోటీ అనీ చెప్పి, దాన్ని ఊరుకోబెట్టి ఫోన్ పెట్టేశాక, మనింట్లో ఇంకో పిచ్చిది తయారైందని మీ పెదనాన్నకి చెప్పి ఒకటే నవ్వు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హెల్మెట్ పెట్టుకో. మడమ ఉన్న బూట్లు వేసుకో. ఎక్కేముందు జీను పట్టీ ఇంకోసారి బిగించు.

బిట్ (గుర్రం నోట్లో పెట్టే కళ్లెం కడ్డీ) విషయంలో ఏ పోటీకి వెళ్తే వాళ్ల రూల్‌బుక్ చదువు. క్వార్టర్ హార్స్ జాతి గుర్రాల అసోసియేషన్ వాళ్ల టైమ్ పోటీల్లో మెకానికల్ హాకమోర్ (నోట్లో కడ్డీ లేకుండా ముక్కు మీద ఒత్తే కళ్లెం) కూడా వెయ్యొచ్చు, కానీ మరీ కఠినంగా ఉందనిపిస్తే జడ్జి వద్దనొచ్చు. నువ్వైతే మామూలు స్నాఫిల్‌తో, అంటే లివర్ లేని సాదా బిట్‌తో, మొదలుపెట్టు.

నేను చేసిన వెధవపని చెప్తా విను. టెక్సస్‌లో వాకో దగ్గరున్నప్పుడు నాకు మిరప అని ఎర్ర గుర్రం ఉండేది. మొదటి బ్యారెల్ దగ్గర తిరగకుండా నేరుగా దూసుకుపోయేది. ఎవరో గట్టి బిట్ వెయ్యమంటే పొడవాటి షాంకులున్నది (పగ్గం లాగితే లివర్‌లా నోటిని నొక్కే పక్క చువ్వలు) కొని తగిలించా. రెండు వారాలు చక్కగా ఆగింది, నేనూ తెగ మురిసిపోయా. మూడో వారం పోటీలో గేటు ముందు సందులోనే అడుగు కదపనంది. వెనకాల జనం చూస్తున్నారన్న టెన్షన్‌లో మడమలతో పొడుస్తూ, రెండు పగ్గాలూ బిగబట్టి లాగా. పొమ్మంటున్నానో ఆగమంటున్నానో దానికేం తెలుస్తుంది? వెనక్కాళ్ల మీద లేచి వెల్లకిలా పడిపోయింది. నేను పక్కకి పడ్డా కాబట్టి కాలర్ బోన్‌తో పోయింది, లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. తర్వాత నోరు తెరిచి చూస్తే పై దవడలో, సరిగ్గా బిట్ తగిలేచోట వోల్ఫ్ టూత్, అదే దవడ పళ్ల ముందు మొలిచే చిన్న పన్ను! రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, ఊళ్లో అందరి గుర్రాల పళ్లూ చూసి, నా గుర్రం నోట్లో చెయ్యి పెట్టలేదు. పగ్గం లాగినప్పుడల్లా పాపం అది నొప్పికి పారిపోయేది. దాని మెడ పట్టుకుని ఎంత ఏడ్చానో.

కాబట్టి ముందు డాక్టర్‌కి పళ్లు చూపించు. గేటు దగ్గర మొండికేస్తే లాగొద్దు, దిగి నడిపించుకుని వెనక్కి వచ్చెయ్.

పరుగు మీదే, టైము మొదలయ్యే గీత దాటతాం కదా, కొత్తవాళ్లంతా అక్కడే రెచ్చిపోతారు. కొలత ప్రకారం గీత నుంచి మొదటి బ్యారెల్ 60 అడుగులే. ఎడమ మలుపు బాగా తిరిగే గుర్రమైతే కుడి బ్యారెల్‌తో మొదలుపెట్టు, మిగతా రెండూ ఎడమకే వస్తాయి. బ్యారెల్‌కి గురిపెట్టకు, దాని పక్కన నాలుగైదు అడుగుల ఖాళీకి గురిపెట్టు. మలుపుకి ముందే జీనులో దిగి కూర్చో, అప్పుడే ఒక చెయ్యి జీను ముందున్న హార్న్ (పట్టుకునే కొమ్ము) మీదికి రావాలి. బ్యారెల్ పడితే మహిళల రోడియో (కౌబాయ్ పోటీల) సంఘం డబ్ల్యూపీఆర్‌ఏలో 5 సెకన్లు కలుపుతారు, బ్యారెల్ గుర్రాల సంఘం ఎన్‌బీహెచ్‌ఏలో ఆ పరుగే లెక్కలోకి రాదు.

1985 నేషనల్ ఫైనల్స్ రోడియోలో బ్యారెల్ రేసర్ షార్మేన్ జేమ్స్ గుర్రం స్కాంపర్‌కి కళ్లెం ఊడిపోయింది, అయినా ఆ రౌండ్ గెలిచింది. దారి దాని కాళ్లకి తెలుసు మరి. నీ గుర్రానికీ నడకలో, ట్రాట్‌లో (మెల్లని దౌడులో) అలాగే నేర్పు. వచ్చే నెల నేనొస్తున్నా, అప్పటిదాకా పరుగు ఊసెత్తావంటే చెవి మెలేస్తా.

కాలర్ బోన్ సంగతి మీ అమ్మతో అనకు తల్లీ. మెట్ల మీద జారానని చెప్పా.

మీ పెద్దమ్మ