డేగ కూత వినబడింది, డేగ కనబడలేదు. లిస్టులో రాయొచ్చా?

మన్ననూరు దగ్గర అడవి దారిలో జాలె డేగ కూత విన్నారు, కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా షిక్రా (జాలె డేగ ఇంగ్లిష్ పేరు) అనే చూపించింది, పిట్ట మాత్రం కంటపడలేదు, మీ పిట్టల లిస్టులో రాయొచ్చా అని అడిగారు కదా. నన్నడిగితే, రాయకండి. మాది అచ్చంపేట వైపే. అమ్రాబాద్ అడవిలో డేగలా కూసే పిట్టలు వేరే ఉన్నాయి.

మొదట అనుమానించాల్సింది రాకెట్ టెయిల్డ్ డ్రోంగోని. మన పొలాల్లో పశువుల వీపు మీద వాలే పసలపోలిగాడికి ఇది అడవి చుట్టం. ఉమామహేశ్వరం గుట్ట కింద ఒకసారి చెట్టు నీడన నిలబడి చాలాసేపు విన్నాను. ముందు డేగ కూత, రెండు సార్లు. వెంటనే పిగిలిపిట్ట గొంతు. ఆ తర్వాత ఇనుము గీరినట్టు ఒక అరుపు. కొమ్మ కదిలి, నల్లటి పిట్ట బయటికొచ్చింది. తోక నుంచి సన్నటి తీగలు రెండు, వాటి కొసన చిన్న నల్ల బిళ్లలు. ఎంత అందమైన పిట్టో!

అందుకే కూత వినగానే ఫోన్ చూడకుండా అక్కడే కాసేపు ఆగండి. డేగ అయితే తన కూతే మళ్లీ మళ్లీ కూస్తుంది. డ్రోంగో అయితే కాసేపట్లో గొంతు మారుస్తుంది. యాప్ ఆ శబ్దం ఏ పిట్ట కూతలా ఉందో చెబుతుంది, ఎవరి నోట వచ్చిందో చెప్పలేదు.

"గోరింకలు బెదిరి లేచాయి, కాబట్టి డేగే" అని కొందరంటారు. అదీ రుజువు కాదు. పసలపోలిగాడు కూడా డేగలా అరిచి గోరింకల్ని బెదరగొడుతుంది, అవి వదిలేసిన పురుగుల్ని ఎత్తుకుపోతుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీని జాతి పిట్టే ఒకటి మీర్‌కాట్‌లను (ముంగిసలాంటి చిన్న జంతువుల్ని) ఇలాగే ఉత్తుత్తి హెచ్చరికలతో పారిపోయేలా చేసి తిండి కాజేస్తుందని పరిశోధకులు నమోదు చేశారు.

ఇంకోటి జెర్డాన్స్ లీఫ్‌బర్డ్. ఒళ్లంతా ఆకుపచ్చ, ఆకుల్లో కలిసిపోతుంది. డేగ, పిగిలిపిట్ట, డ్రోంగో, అన్నిటి గొంతులూ పలుకుతుంది. దీన్ని పట్టుకోవడమే కష్టం. బైనాక్యులర్‌తో చెట్టు పైకొమ్మల్ని ఓపిగ్గా వెతకాలి.

మీ దగ్గర రికార్డింగ్ ఉంటే మొత్తం పెట్టండి, డేగ కూత ఉన్న ముక్క ఒక్కటే కత్తిరించి పెట్టకండి. దాని ముందూ వెనకా ఏముందో వింటేనే ఎవరి పనో చెప్పగలం.