జ్వరమే లేదు, మరి రక్తంలో ఇన్ఫెక్షన్ ఏమిటి?

మీ చెల్లెలి బాబు ఏడు నెలలకే పుట్టాడని, నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఎనిమిదో రోజున సెప్సిస్, అంటే రక్తంలో ఇన్ఫెక్షన్, అన్నారని రాశారు. జ్వరమే లేదు కదా అంటున్నారు. నేనూ డాక్టరుతో ఇదే వాదించాను.

మా పాప 30వ వారంలో, 1,250 గ్రాములతో పుట్టింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున గొట్టంలో పాలు పోయబోయిన నర్సు, అంతకుముందు పోసినవి అరగక పచ్చగా వెనక్కి రావడం చూసింది. అరికాళ్లు చల్లబడ్డాయి. కాసేపటికి ఊపిరి ఆగింది. పాదం మీద తట్టితే మళ్లీ తీసుకుంది. ఇంత చిన్న పిల్లల్లో ఇన్ఫెక్షన్ ఇలాగే బయటపడవచ్చు, జ్వరం వచ్చి తీరాలని లేదు.

కల్చర్‌కు, అంటే రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకు, ఒక మిల్లీలీటరు రక్తం తీశారు. ఒంట్లో ఉన్నదే వంద మిల్లీలీటర్ల చిల్లర, అందులోంచి కూడానా అని ప్రాణం ఉసూరుమంది. కానీ మరీ తక్కువ తీస్తే సూక్ష్మజీవి దొరక్కుండా పోవచ్చట. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, యాంటీబయాటిక్ మాత్రం అప్పుడే మొదలుపెడతారు. మాకు రిపోర్టులో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. మొదటి మందుకు లొంగలేదు, మెరోపెనెమ్ అనే మరింత బలమైన యాంటీబయాటిక్‌కు మార్చారు. మన దేశంలో ఇది అరుదేమీ కాదు: ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలోనూ అసినెటోబాక్టర్ అనే మరో బ్యాక్టీరియా, క్లెబ్సియెల్లాలే ముందున్నాయి, చాలావరకు మందులకు మొండికేసినవే.

ఆసుపత్రి తప్పా అని అడిగారు. ఫోను పట్టుకున్న చేత్తోనే ఒకాయన ఇంక్యుబేటర్ తెరవడం నేను చూశాను, గొడవపడ్డాను కూడా. అయితే కారణం అదేనని చెప్పలేను. సిరలో గొట్టం, పల్చటి చర్మం, నెలలు నిండని ఒళ్లు, ఇవన్నీ ఇన్ఫెక్షన్‌కు దారులే. మా అత్తగారైతే గాజులు తీయనని పట్టుబట్టి మూడు రోజులు అద్దం బయటే నిలబడ్డారు! నాలుగో రోజు తీసి, మోచేతుల దాకా కడుక్కున్నారు.

డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఇవి అడగండి: సిరలోని గొట్టం ఇంకా అవసరమా? మెదడు పొరలకు పాకిందేమోనని వెన్ను నీరు పరీక్షించారా? పాకితే మందులు మూడు వారాలైనా పడతాయి, మాకు పాకలేదు కాబట్టి 14 రోజులతో సరిపోయింది. వినికిడిని దెబ్బతీయగల అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తుంటే తరువాత వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. చెల్లెలిని పాలు పిండడం ఆపనివ్వకండి, రెండు మిల్లీలీటర్లు వచ్చినా సరే పంపండి.

కల్చర్ రిపోర్టును ఫొటో తీసి ఉంచుకోండి. బాబును మరో ఆసుపత్రికి మార్చాల్సి వస్తే అక్కడ ముందుగా అడిగేది అదే.