ముట్లు ఆగి ఏళ్లు గడిచినా ఆవిర్లు తగ్గకపోతే

ముట్లు ఆగి ఎనిమిదేళ్లయినా ఒంట్లో ఆవిర్లు తగ్గలేదని, ఇది మామూలేనా అని, మిగతావారు ఎలా నెట్టుకొస్తున్నారని అడిగారు. ఇది చాలామందికి ఉన్నదే. అమెరికాలో వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆవిర్లు తరచుగా వచ్చేవారిలో సగం మందికి ఆ బాధ ఏడేళ్లకు పైగా ఉన్నట్లు, ముట్లు ఆగకముందే మొదలైన వారిలో అది పదకొండేళ్లు కూడా దాటినట్లు తేలింది.

నాకు అరవై దగ్గరపడుతున్నాయి, ముట్లు ఆగి పదేళ్లు దాటింది, అయినా ఆవిర్లు పూర్తిగా పోలేదు. గుండెల మీద మొదలైన సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకుతుంది, పాపిట్లో చెమట పట్టి నుదుటి మీదికి కారుతుంది, రవిక వీపుకు అతుక్కుపోతుంది. కాసేపటికి అదే తడి మీద ఫ్యాను గాలి తగిలి వణుకు పుడుతుంది. ఇంట్లో వాళ్లు వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గాక, ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం ఏ కాస్త వేడి పెరిగినా తట్టుకోలేక చెమట పట్టిస్తుంది కనుక, మజ్జిగతో దాహం తీరుతుందే గాని ఆవిరి ఆగదు.

నేను పట్టుచీరలు మాని మంగళగిరి నూలు చీరలు కడుతున్నాను, కాఫీ చల్లార్చి తాగుతున్నాను. వీటితో కొంత సుఖంగా ఉంటుంది, అంతే. నిద్ర నిలిచింది మాత్రం మందుతోనే. డాక్టరు ముందుగా థైరాయిడ్ పరీక్ష చేయించి, నా వయసులో హార్మోన్లు కొత్తగా మొదలుపెట్టడం ఇష్టంలేక, రాత్రిపూట హార్మోన్ కాని గాబాపెంటిన్ అనే మందు రాశారు. తెల్లవార్లూ దుప్పటి తీయడం, కప్పుకోవడం తగ్గింది. మొదట్లో కాస్త తూలినట్లు ఉండేది.

అరవై లోపు ఉండి, ముట్లు ఆగి పదేళ్లు నిండనివారికి, రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటివి లేకపోతే, హార్మోన్ చికిత్సే అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. మీకు ముట్లు ఆగి ఎనిమిదేళ్లే అయింది కనుక, వయసు అరవై లోపే ఉంటే దీని గురించి డాక్టరును ఇప్పుడే అడగండి. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ కూడా వాడాలి. మన తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు ఎందరో ఉన్నారు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆవిర్లు ఒక్కసారిగా, మరింత తీవ్రంగా మొదలవుతాయి కనుక ఆ ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.

రాత్రి చెమటలతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ముట్ల ఖాతాలో వేసి ఊరుకోకుండా క్షయ పరీక్ష చేయించుకోవాలి.