అల్లుడూ, గింజ పని నేర్చుకో, బట్టీ జోలికి పోకు

ఒరేయ్ అల్లుడూ,

ఇంట్లోనే ధాన్యంతో విస్కీ చేద్దామనుకుంటున్నానని, ఏం కొనాలో ఎలా మొదలెట్టాలో చెప్పమని మెసేజ్ పెట్టావు. డిస్టిలరీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నన్నడిగావు, మంచి పని చేశావు. ఒక మాట ముందే చెప్పేస్తున్నా, కాచడం మాత్రం వద్దు. అయితే విస్కీలో చాలా పని బట్టీ ఎక్కించకముందే గింజ దగ్గర జరిగిపోతుంది, ఆ పని నువ్వు మీ పెరట్లోనే నిక్షేపంగా చేసుకోవచ్చు. నాకు ఇష్టమైన భాగం కూడా అదే కాబట్టి దాని గురించి కాస్త వివరంగానే రాస్తాను.

కాచడం ఎందుకు వద్దంటున్నానో మొదట విను. మన రాష్ట్రంలో 1993లో సారాని, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు, 1997లో మద్యం మీద సడలింపులు వచ్చాయిగానీ లైసెన్సు లేకుండా ఇంట్లో కాచడం ఇప్పటికీ నేరమే. బియ్యంతో చేశావా బెల్లంతో చేశావా, అమ్మడానికా తాగడానికా అని ఎవరూ చూడరు, కాచడానికి పులియబెట్టిన ఊట దొరికినా కేసే. నువ్వు చూస్తున్న వీడియోలు ఏ దేశంవో గమనించు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి కాచుకోవడం నేరం కాదు, వాళ్లు ధైర్యంగా చూపిస్తారు. అదే విస్కీకి పుట్టిల్లు లాంటి స్కాట్లాండ్‌లో కూడా లైసెన్సు లేకుండా ఇంట్లో కాచకూడదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా ప్రమాదం పక్కకి పోదు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి ఎక్కడో ఒక అతుకులోంచి కొంచెం బయటికొచ్చి కింద గ్యాస్ మంటకి తగిలితే వంటిల్లు అంటుకుంటుంది. గొట్టాలకి చవకరకం టంకం వాడితే సీసం సరుకులోకి దిగుతుంది. మిథనాల్ గురించి కూడా అడిగావు. గింజ ఊటలో అది పుట్టేది చాలా తక్కువ, కల్తీ సారా తాగి చూపు పోయిందనీ చనిపోయారనీ వినేవి ఎక్కువగా ఫ్యాక్టరీ మిథనాల్ కలిపిన కేసులు. అలాగని వాసన చూసి మంచిచెడూ చెప్పేయొచ్చనుకోకు, ముక్కుకి మిథనాల్‌కీ మామూలు ఆల్కహాల్‌కీ తేడా తెలియదు, ల్యాబులో మేము కూడా మెషీన్‌లో పెట్టి చూశాకే సంతకం పెట్టేవాళ్లం.

ఇంకోటి, ఇంట్లో కాచిన దాన్ని విస్కీ అనుకోవడమే పొరపాటు. బట్టీలోంచి దిగేది నీళ్లలా తెల్లగా ఉంటుంది. ఆ రంగు, ఆ వాసన, నాలుక మీద ఆ నునుపు చాలావరకు ఓక్ చెక్క పీపాలోంచి వచ్చేవే. స్కాచ్ అని పేరు పెట్టాలంటే కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలని అక్కడ చట్టమే ఉంది. అక్కడి చలిలో ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైపోతుంది, మన ఎండల్లో దానికి ఎన్నో రెట్లు పోతుంది. పీపా లేదు, ఏళ్లు ఆగే ఓపిక లేదు అంటే చివరికి నీ చేతిలో ఉండేది సారాయే.

ఇక గింజ దగ్గరికి వద్దాం. గింజలో ఉండేది పిండిపదార్థం, ఆల్కహాల్‌ని పుట్టించే ఈస్టు అనే సూక్ష్మజీవికి అది తినడం చేతకాదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు తన మొక్క కోసం ఆ పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములని తయారుచేసుకుంటుంది. మొక్క ఆ చక్కెర తినేయకముందే మొలకని ఆరబెట్టి ఆపేస్తే దాన్నే మాల్ట్ అంటారు. అంత పెద్ద పేరున్న పనిలో మొలకెత్తించే భాగం మీ నాన్న ఏటా రెండుసార్లు చేస్తూనే ఉన్నాడు. సార్వాకీ దాళ్వాకీ నారుమడి పోసేముందు వడ్లు 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో పోసి మండె కట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతాడు కదా. మర్నాడు సంచిలో చెయ్యి పెట్టి చూడు, లోపల జ్వరం వచ్చిన ఒంట్లా వేడిగా ఉంటుంది, గింజ ముక్కు పగిలి తెల్లటి మొలక కనిపిస్తుంది. ఆ వేడి గింజ ఊపిరి తీసుకోవడం వల్ల పుట్టిందే. మరీ వేడెక్కితే లోపలి గింజ ఉడికిపోయి చస్తుంది, అందుకే మధ్యలో ఒకసారి సంచి తిప్పి కాసిని నీళ్లు చల్లాలి.

కానీ మీ నాన్న విత్తనాల సంచి మాత్రం ముట్టుకోకు. విత్తనశుద్ధికి కార్బెండజిమ్ లాంటి మందు కలిపి ఉంటుంది, కొత్త వడ్ల నిద్ర పోగొట్టడానికి నైట్రిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టేవాళ్లూ ఉన్నారు, అవి మడిలో చల్లడానికే గానీ నోట్లో పెట్టుకోవడానికి కాదు. తినడానికి ఉంచిన వడ్లే తీసుకో, అవీ కోసిన వెంటనే వద్దు. స్వర్ణ లాంటి రకాలు కోత తర్వాత రెండు మూడు వారాలు ఎంత నానబెట్టినా లేవవు.

నిజానికి వడ్లకంటే నీకు రాగులు మేలు, వాటి మాల్ట్‌కి పిండిని విడగొట్టే బలం ఎక్కువ. బార్లీ అన్నిటికంటే బలమైనదే, కానీ మన డెల్టాలో పండదు, పైగా కిరాణా కొట్లో దొరికే తెల్ల బార్లీ పొట్టు తీసి పాలిష్ పట్టినది, వారం నానబెట్టినా కుళ్లుతుందే తప్ప మొలవదు. జొన్నల జోలికి మాత్రం వెళ్లకు. జొన్న మొలకలో, వేరులో సయనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది, లేత జొన్న మేసి గొడ్లు పడిపోయేది అందుకే.

రాగులు రాళ్లు లేకుండా గాలించి ఒక రాత్రి నానబెట్టు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చు. వంచేసి తడిగుడ్డలో వదులుగా మూటకట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరిస్తూ ఒకటిన్నర రోజు ఉంచు, ఎండాకాలమైతే ఒక రోజే చాలు. తెల్ల దారంలా అర సెంటీమీటరు మొలక రాగానే చాపమీద పలచగా పరిచి ఎండబెట్టు. బూజువాసన వచ్చినా, నల్లగా జిగురుగా తగిలినా మొత్తం పారేయి, కడిగి వాడదామని చూడకు. బాగా ఎండాక అరచేతుల మధ్య నలిపితే మొలకలు రాలిపోతాయి, చేటతో చెరిగి మరపట్టించు. వేయించొద్దు సుమా. జావకైతే వాసన కోసం మీ అమ్మ దోరగా వేయిస్తుంది, నీకు కావలసిన ఎంజైము ఆ వేడికి చచ్చిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చెయ్యి. గరిటె నిలబడేంత గట్టిగా బియ్యప్పిండి జావ కాచి దించు. థర్మామీటర్ పెట్టి చూస్తూ 65 డిగ్రీలకి దిగాక ఒక పెద్ద చెంచా ఆ రాగి మాల్ట్ వేసి కలుపు. కాసేపటికి గరిటె ఒరిగిపోతుంది, జావ కాస్తా పలచబడి గంజిలా జారుతుంది, నీళ్లచుక్క కూడా పోయకుండానే. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. మాల్ట్‌తో విస్కీ చేసే ఏ పెద్ద డిస్టిలరీలోనైనా వేల లీటర్ల తొట్టిలో జరిగేది ఇదే. 75 డిగ్రీలు దాటితే ఎంజైము త్వరగా చచ్చిపోతుంది, మరీ చల్లగా ఉంటే పని సాగదు, పైగా పులిసిపోతుంది. అందుకే అందాజాగా వేలు పెట్టి చూడకు, థర్మామీటర్ కొను.

పరీక్ష కుదిరితే పాకం చెయ్యి. కేజీ బియ్యం మెత్తగా జారుగా వండి, 65కి చల్లార్చి, పావుకేజీ మాల్ట్ పిండి కలిపి, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వార్మ్ మీద నాలుగైదు గంటలు ఉంచు. కుక్కర్లన్నీ ఒకేలా ఉండవు, మధ్యలో వేడి చూస్తూ ఉండు, ఎక్కువైతే మూత తియ్యి. అయిందో లేదో నాలుకతో తెలిసిపోతుంది, తియ్యగా ఉంటుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే ఒక చెంచాడు విడిగా తీసి, చల్లారాక టింక్చర్ అయోడిన్ చుక్క వెయ్యి. నల్లగా, నీలంగా మారితే పిండి ఇంకా మిగిలుందని అర్థం, మరో గంట ఆగు. ఆ చెంచాడు పారబొయ్యి, మళ్లీ గిన్నెలో కలపకు. తర్వాత పలచటి గుడ్డలో వడకట్టి, సన్నసెగ మీద తేనెలా చిక్కబడేదాకా మరిగించు. అదే రోజు మరిగించెయ్యాలి, మన ఉక్కపోతకి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి నురగ కట్టి పులిసిపోతుంది.

ఈ పాకం దోసెలోకి బాగుంటుంది, మరమరాల ఉండలకి బెల్లం బదులు వాడొచ్చు, కాఫీలో వేసుకుంటే ఒక రకమైన కమ్మదనం వస్తుంది. మాల్ట్ పిండి మిగిలితే మీ చెల్లాయికిచ్చి వాళ్ల బాబు జావలో కలపమను. పలచగా ఉంటుంది కాబట్టి పిల్లాడు తేలిగ్గా మింగుతాడు, అదే గిన్నెలో పిండి ఎక్కువ పడుతుంది కాబట్టి బలమూ ఎక్కువే. అయితే మొలక గింజల్లో సూక్ష్మక్రిములు ఉంటాయి, కలిపి పలచబడ్డాక ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టాలని గట్టిగా చెప్పు.

అరకేజీ రాగులతోనే మొదలెట్టు, ఒక్కసారే అయిదు కేజీలు నానబెట్టేసి కూర్చోకు. మూట విప్పినప్పుడు ఫోటో తీసి పంపించు, మొలక పొడుగు చూసి ఇంకా ఉంచాలో ఎండబెట్టాలో చెబుతాను.

మీ మావయ్య