నలభై పేజీల చరిత్ర ఎవరు చదివారు?

ప్రశ్న: గురువుగారూ, మేం నలుగురం పెరుంగుడిలో ఒకే ఆఫీసులో పనిచేస్తాం. శనివారాలు వెలచ్చేరిలో మా ఫ్లాట్లో, డైనింగ్ టేబుల్ మీద 28 మిల్లీమీటర్ల బొమ్మలతో సైన్స్ ఫిక్షన్ యుద్ధాలు ఆడుకుంటాం. విడివిడి ఆటలు బోరుకొట్టి, ఒక ఆట ఫలితం తర్వాతి ఆటకు అందేలా క్యాంపెయిన్ మొదలుపెట్టాం. దానికి వెనక కథ నేను రాశాను. ఐదు వేల ఏళ్ల గెలాక్సీ చరిత్ర, పదకొండు సామ్రాజ్యాలు, మొత్తం నలభై పేజీలు. రెండో ఆటకే ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. మూడో ఆటకు ఇద్దరు రానే లేదు. ఇద్దరి దగ్గర మనుషుల సైన్యాలున్నాయి, ఒకడి దగ్గర రోబోలు, ఇంకొకడి దగ్గర పెద్ద పెద్ద పురుగులు. అందరూ ఒకే కథలో ఇమడాలి. ఏం చెయ్యమంటారు?
పేరు వద్దన్నారు, వెలచ్చేరి, చెన్నై

జవాబు: మీరు పంపిన నలభై పేజీలూ చదివాను. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర నిద్రపోయి, పొద్దున కాఫీ తాగాక మిగతాది పూర్తిచేశాను. రాత బాగుంది. కానీ మీ పదకొండు సామ్రాజ్యాల్లో ఏ ఒక్కదానికీ ఏ లోటూ లేదు. లోటు లేనివాడు పదిహేను మందిని వెంటేసుకుని మీ డైనింగ్ టేబుల్ దాకా చావడానికి ఎందుకొస్తాడు?

మీకు కావలసిన కథ మన ఊళ్లోనే జరిగింది. 2019 ఎండాకాలం గుర్తుందా? మా అయనావరం వీధిలో ప్లాస్టిక్ బిందెలు రాత్రే వరుసలో కూర్చునేవి, మనుషులు పొద్దున వచ్చేవాళ్లు. జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు వస్తోందంటే విల్లివాక్కం వెళ్లి నిలబడ్డాను. ముప్ఫై రెండేళ్లు పెరంబూరులో రైలుపెట్టెల డ్రాయింగులు గీసినవాణ్ని, రైలంటే ఆగలేను. 50 వ్యాగన్లు, ఒక్కోదాంట్లో 50 వేల లీటర్లు, అంటే ఒక్క రైలుకు 25 లక్షల లీటర్ల కావేరి నీళ్లు. అక్కడి నుంచి గొట్టాల్లో కీల్పాక్ నీటి కేంద్రానికి పంపారు. వ్యాగన్ల కింద చుక్కలు కారుతుంటే జనం వాటికేసే చూస్తున్నారు. నాకు మాత్రం, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆట ఆడే బల్లే కనిపించింది. రైలు ఒకటి, దారి ఒకటి, ఆ దారిలో ఎవడైనా ఒక్క వంతెన పట్టుకుంటే చాలు.

ఇంకాస్త వెనక్కి వెళ్లండి. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణ నీళ్లలో తలా 5 టీఎంసీలు ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. మొత్తం 15. అందులో 3 దారిలో ఆవిరైపోతాయని లెక్క రాసుకున్నారు, మనకు 12. ఆ నీళ్లు కాలవ పట్టుకుని మన పూండి జలాశయం చేరింది 1996లో. మాట ఇచ్చిన ఏడు పుట్టిన పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇచ్చేవాళ్లు ముగ్గురు, పుచ్చుకునేది ఒకరు, మధ్యలో మాయమయ్యేది మూడు. మీ నలభై పేజీల్లో లేనిది ఈ ఒక్క వాక్యంలో ఉంది చూశారా!

ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి అంగారకుడి మీద పెడదాం. గెలాక్సీ వద్దు. గెలాక్సీలో నీళ్లు అయిపోతే ఇంకో గ్రహానికి పోతారు, గొడవ తీరిపోతుంది. అంగారకుడి మీద ధ్రువాల దగ్గర మంచు ఉంది, ఊళ్లు మాత్రం ఎండ తగిలే చోట కట్టుకుంటారు. మధ్యన వేల కిలోమీటర్ల పైపులైను. దాని మీద తొమ్మిది పంపింగ్ స్టేషన్లు. ఒక ఏ4 కాగితం మీద గీత గీసి తొమ్మిది సున్నాలు చుట్టండి, మీ మ్యాపు అయిపోయింది. పేర్లకు నోరు తిరగని అక్షరాలు పేర్చకండి. వలస వెళ్లినవాళ్లు వదిలొచ్చిన ఊరి పేరే పెట్టుకుంటారు. చిన్న పూండి, కొత్త కందలేరు, ఎర్రగుంట, పదమూడో బావి. పదమూడో బావి అన్నారంటే మిగతా పన్నెండు ఏమయ్యాయని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగినప్పుడు చెప్పండి, ముందే రాసి పెట్టకండి.

మీ రెండు మనుషుల సైన్యాల్లో నీలం బొమ్మలవాళ్లు మంచు తవ్వేవాళ్లు. బూడిద రంగువాళ్లు దిగువ ఊరివాళ్లు, దాహం వాళ్లది. రోబోలు పంపింగ్ స్టేషన్ల కాపలాదార్లు. పాత ఒప్పందంలో ఎన్ని చుక్కలు రాసుందో అన్నే వదులుతాయి, ఊరు తగలబడినా ఇంకో చుక్క వదలవు. మా ఆఫీసులో అలాంటి స్టోర్ కీపర్ ఒకాయన ఉండేవాడు, ఆయన్ని తలచుకుంటే రోబోల గురించి ఇంకేం రాయక్కర్లేదు. ఇక పురుగులు. వేరే లోకం నుంచి దింపకండి. ఒకప్పుడు బావులు తవ్వడానికి కాళ్లు పెట్టి పంపిన యంత్రాలు, తమను తామే బాగుచేసుకుంటూ, తమలాంటివాటిని తామే తయారుచేసుకుంటూ ఇసక కింద మిగిలిపోయాయి. ఆవిరి కింద రాసుకున్న ఆ మూడు భాగాలు తీసుకెళుతున్నది అవే. ఎక్కడికి, ఎవరి కోసం? అది పురుగుల సైన్యం ఉన్నాయన రాసి, కవరులో పెట్టి అంటించి మీకివ్వాలి. ఐదో ఆట తర్వాత విప్పండి. మీరు కూడా ముందు చూడకూడదు, మీ మీద నాకు నమ్మకం లేదు.

కథ బాగున్నా బల్ల దగ్గర కొన్ని మొండి ప్రశ్నలు వస్తాయి. పైనుంచి బాంబు వేసి తేల్చేయొచ్చు కదా? వేస్తే పోయేది మన పంపే, మన నీళ్లే. అందుకే కాలినడకన, తలుపు తలుపుకీ కొట్టుకోవాలి. భూమి మీది పెద్దలు ఏం చేస్తున్నారు? రెండు గ్రహాలూ ఉన్న చోటును బట్టి రేడియో మాట అక్కడికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అడిగి, జవాబు తెప్పించుకునేసరికి ముప్పావు గంట కావొచ్చు. ఆలోపు మీ బల్ల మీద యుద్ధం అయిపోతుంది. కాబట్టి నిర్ణయం అక్కడున్న నాయకుడిదే, అంటే మీ ఆటగాడిదే. గాలి మన గాలిలో నూరో వంతు కూడా ఉండదు, ఉన్నదాంట్లో ప్రాణవాయువు నామమాత్రం. మీ రోబోల చేతుల్లో మంటలు చిమ్మే తుపాకులున్నాయని రాశారు. బయట అవి పనిచెయ్యవనండి. స్టేషన్ లోపల పనిచేస్తాయి, కానీ పేల్చిన ప్రతిసారీ లోపలున్న అందరి ఊపిరీ తగ్గుతుంది. దుమ్ము తుఫాను కూడా వాడుకోండి. 2018లో గ్రహమంతా కమ్మిన దుమ్ముకి ఎండ అందక, సౌరఫలకాల మీద పద్నాలుగేళ్లుగా నడుస్తున్న ఆపర్చునిటీ రోవర్ జూన్ 10 తర్వాత మళ్లీ పలకలేదు. పాచిక మీద ఒకటి పడితే తుఫాను, ఆ ఆటలో 12 అంగుళాల అవతల ఏదీ కనపడదు. గురుత్వం మనదాంట్లో 38 శాతమే కదా అని నడక లెక్కలన్నీ మార్చబోకండి, ఒక్క గెంతు దూరం పెంచితే చాలు. మిగతాది బరువైన సూట్ల మీదికి నెట్టేయండి.

గడువు లేని క్యాంపెయిన్ దీపావళి దాకా కూడా బతకదు. ఇక్కడ గడువు ఆకాశమే ఇస్తుంది. భూమి నుంచి అంగారకుడికి ఓడ వెళ్లడానికి అనువైన సమయం సుమారు 26 నెలలకోసారి వస్తుంది. ఒక ఆటను రెండు నెలలుగా లెక్కవేస్తే 13 ఆటలు. రెండు వారాలకో ఆట ఆడితే ఆరు నెలల్లో అయిపోతుంది. పదమూడో ఆటకి భూమి నుంచి ఓడ దిగుతుంది, పైపులైను ఎవరి చేతిలో ఉంటే కొత్త ఒప్పందం వాళ్లతోనే.

మన పల్నాటి కథ ఎలా నడిచిందో చూడండి. ఒక కోడిపందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస, గడువు తీరాక మా రాజ్యం మాకిమ్మని రాయబారం వెళ్లిన అలరాజుకు విషం. కారెంపూడి యుద్ధానికి అంతకంటే వెనక కథ అక్కర్లేకపోయింది. ఇన్ని వందల ఏళ్లయినా పల్లెల్లో చెప్పుకుంటున్నారంటే అందులో సామ్రాజ్యాల జాబితా లేకపోవడం వల్లనే అని నా అనుమానం. మీరు కూడా మొదటి ఆటకు ముందు ఒక రాయబారిని చంపండి. ఎవరు చంపారో ఎవరికీ తెలియనివ్వకండి.

గెలిచేవాడు ఇంకా ఇంకా బలిసిపోవడం ప్రతి క్యాంపెయిన్‌కీ ఉండే జబ్బు. మీ మూడో ఆటకు రాని ఇద్దరూ మొదటి రెండు ఆటల్లో ఓడినవాళ్లే అయ్యుంటారు. పట్టుకున్న ప్రతి స్టేషన్ దగ్గరా ఇద్దరు సైనికుల్ని కాపలా వదలాలని నియమం పెట్టండి. నాలుగు స్టేషన్లు గెలిచినవాడి పదిహేను మందిలో ఎనిమిది మంది కాపలాకే పోతారు, బల్ల మీదికి ఏడుగురే వస్తారు. ఓడినవాడు పదిహేను మందితోనే వస్తాడు. కథలో దీనికి కారణం వేరే వెతకక్కర్లేదు, పైపులైను పొడుగే కారణం.

ఇంకొకటి, ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ప్రతి ఆట తర్వాతా ఏం జరిగిందో ఐదు వాక్యాలు రాయాలి. రాయాల్సింది ఓడినవాడు. మా మేడ మీద ఆడే రోజుల్లో చరిత్ర మొత్తం నేనే రాసేవాణ్ని. ఒకసారి రాత ఊపులో మా పక్కింటాయన సేనాపతిని నిద్రలో పాము కరిచి పోయినట్టు రాసేశాను. ఆ సేనాపతి బొమ్మకి ఆయన పదకొండు రాత్రులు రంగులేశాడట. మూడు నెలలు మా మెట్లెక్కలేదు. ఓడినవాడు రాస్తే వెనుదిరగడం కూడా వ్యూహం అవుతుంది, పగ ఎవరి మీదో కూడా తేలిపోతుంది, వచ్చే శనివారం తప్పకుండా వస్తాడు.

మీ నలభై పేజీలు పారేయకండి. పదమూడో బావిలో దొరికిన పాత కాగితాల్లా ఒక్కో పేజీ చింపి, కాస్త టీ డికాక్షన్లో ముంచి ఆరబెట్టి, స్టేషన్ గెలిచినవాడికి ఒకటి చొప్పున ఇవ్వండి. అప్పుడు చదువుతారు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. నాతో బొమ్మల యుద్ధం ఆడతానంటోంది. ఇద్దరికే కథ ఎలా కట్టాలి? చావులు మరీ ఎక్కువైతే బాగుండదేమో.
ఒక తండ్రి, కొళత్తూరు

జవాబు: చావులకి పిల్లలు బెదరరండీ, పేరున్న బొమ్మ పోతేనే ఏడుస్తారు. పడిపోయిన బొమ్మ పట్టుబడినట్టు లెక్కపెట్టి, విడిపించుకోవడమే తర్వాతి ఆటగా పెట్టండి. నాయకుల స్వభావాలకు పేకముక్కలు తియ్యండి. ఇంగ్లండులో టోనీ బాత్ అనే పాతకాలపు ఆటగాడు తన సేనాపతులకు గుణాలు అలాగే పంచేవాడు. ఇస్పేటు వస్తే మొండివాడు, ఆటీను వస్తే దయగలవాడు అని మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. కథ మాత్రం అమ్మాయినే చెప్పమనండి. మీరు ఊ కొడితే చాలు.

ప్రశ్న: బొమ్మలకు ప్రైమర్ స్ప్రే కొడితే పైన ఉప్పు చల్లినట్టు గరుకుగా తేలుతోంది. డబ్బా చెడిపోయిందా?
తాంబరం నుంచి

జవాబు: డబ్బా మంచిదే అయ్యుంటుంది, గాలి చెడ్డది. తేమ ఎక్కువున్న రోజు, మరీ దూరం నుంచి కొడితే అలాగే అవుతుంది. వాన వెలిసిన సాయంత్రాల్లో కొట్టకండి. గాలి పొడిగా ఉన్న రోజు చూసి, ఎండ మరీ ముదరక ముందు, మేడ మీద ఒక జానెడు దూరం నుంచి పలచగా రెండుసార్లు కొట్టండి. అంతవరకు ఆగలేకపోతే కుంచెతో వేసుకునే ప్రైమర్ కొనండి. ఇప్పటికే గరుకెక్కినవాటిని వెలచ్చేరి ఆయనకు పంపండి, అంగారకుడి దుమ్ము పట్టినట్టు ఉంటాయి.