విటమిన్ మాత్రలు వ్యోమగాముల కళ్లను కాపాడతాయా?
పూర్తిగా కాపాడతాయని చెప్పలేం కానీ, బి విటమిన్ల మీద ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది. నెలల తరబడి అంతరిక్షంలో ఉంటే ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరతాయి. కొందరికి కంటి నరం కనుగుడ్డును కలిసే చోట వాపు వస్తుంది, కనుగుడ్డు వెనకభాగం చదునవుతుంది, దగ్గరి అక్షరాలు మసకబారతాయి. అందుకే ముందుజాగ్రత్తగా కళ్లద్దాలు కూడా పంపుతారు.

మరి అందరికీ ఎందుకు రాదు? చూపు మారినవారి రక్తంలో ప్రయాణానికి ముందే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉందని 2012లో నాసా పరిశోధకులు గమనించారు. దాన్ని అదుపులో ఉంచేవి ఫోలేట్, బి12, బి6, రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్లు. వీటిని ఒళ్లు వాడుకునే తీరును నడిపే జన్యువుల్లోని తేడాలకూ ఈ సమస్యకూ సంబంధం ఉందని తర్వాత తేలింది. అలాంటివారికి ఈ మాత్రలు సులువైన రక్షణ కావచ్చు. కంటికి మంచిదని విటమిన్ ఎ మాత్రం ఎడాపెడా మింగకూడదు, మోతాదు మించితే అదే తలలో ఒత్తిడి పెంచుతుంది.